మూడు ముక్కల మాట

కోట,
27-12-1962.

చిరంజీవి కరుణాకుమారికి,

మస్తానయ్య మామ మనసారా దీవించి, ఎవరిచేతా రాయించకుండా తనే కూర్చుని రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. మోకాలు మాత్రం క్షేమం కాదు, దాని దోవ దానిది. నువ్వు పుదుచ్చేరిలో వేళకు తింటుండావనీ, రాత్రి డ్యూటీలో కాళ్ళు వాయడం తగ్గిందనీ తలుస్తాను.

పోయిన వారం మళ్ళీ ముసురు పట్టింది. హోటలు పెంకులు నాలుగు లేచిపోయి సరిగ్గా ఇడ్లీ పాత్ర మీద కారింది. సముద్రం మీదికి ఎవరూ పోలేదు గనక వంజరం చేప లేదు, ఎండు నెత్తళ్ళతోనే పులుసు కాచినాను. మీ రాఘవమ్మత్త ఉంటే నెత్తళ్ళ పులుసుకు ఇంత చింతపండా అని నన్ను ఉతికేసేది. ఆమె పోయి పదినెలలు దాటినా పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి చూస్తూనే ఉండా.

నీ ఉత్తరం సోమవారం చేరింది. అది చదివి రెండు పూటలు పులుసులో ఉప్పు వేయడం మరిచిపోయినాను. ముసలాడికి మతి పోయిందని హోటల్లో తినేవాళ్ళు నా ముందే అన్నారు.

నాకు అర్థమయింది సరేనా చూడు. ఫిబ్రవరి ఒకటో తేదీకి నిన్ను ఆసుపత్రిలో ఖాయం చేస్తామని మదర్ గారు చెప్పినారు. దానికి పుట్టిన కాయితం కావాలి. మన కోట బడి ఇచ్చిన సర్టిఫికెట్లో తండ్రి పేరు మునెయ్య అని ఉండాది. నువ్వు పుట్టింది పుదుచ్చేరిలో గనక అక్కడి మేరీకి, అంటే మునిసిపల్ ఆఫీసుకు, పోయి నకలు తీయిస్తే తల్లి కామమ్మ అని ఉండాది, తండ్రి చోట గీత గీసి ఉండాది. రెండు కాయితాలూ కలవకపోతే నీ ఉద్యోగం పోతుంది. మేరీలో గుమాస్తా జ్ఞానప్రకాశం గారు ఫ్రెంచిలో అచ్చువేసిన కాయితం ఒకటి నీ చేతికిచ్చి, అందులో ఒక మాట ఆఫీసరు ముందు నోటితో చెప్పాల్సి ఉంటుందని అన్నారు. ఆ మాట ఎట్టా పలకాలో, దాని అర్థమేందో రాయమని నన్ను అడిగినావు. తండ్రి చోట గీత ఉన్న కాయితం ఆసుపత్రి నడిపే ఫ్రెంచి సిస్టర్లకు చూపించాలంటే తల కొట్టేసినట్టుందని రాసినావు. వాళ్ళను అడగొద్దులే, నేనుండాను.

నాకు ఫ్రెంచి బడిలో రాలేదు, నీకు తెలుసు. పుదుచ్చేరిలో దొర ఇంజనీరు ఇంట పంతొమ్మిదేళ్ళు వంట చేసినాను. దొరసాని రోజూ ఏం వండాలో పలక మీద రాసేది, అది చదవకపోతే ఉద్యోగం ఊడేది. అట్టా వచ్చింది. పండితుడి ఫ్రెంచి కాదు గానీ, నేను మాట్లాడితే దొరలకు అర్థమయ్యేది.

నువ్వు రాసిన అక్షరాలు ఆర్, ఇ, సి, ఓ, రెండు ఎన్‌లు, ఏ, ఐ, ఎస్. కాయితం మీద తొమ్మిది. నోట్లో మూడు ముక్కలే. రాసేటప్పుడు పంక్తి చివర చోటు చాలకపోతే రెండు ఎన్‌ల మధ్య విరుస్తారు, చేతికి ఆ లెక్క సరే. నోటికి రె, కొ, నె. అంతకుమించి ఒక్క అక్షరం పలికినా తప్పే.

మొదటిది రె. రెడ్డిలో రె లాగా నిక్కించొద్దు, సగం మింగు. మన ర నాలుక కొన మీద ఆడుతుంది, వాళ్ళ ర గొంతులోంచి వస్తుంది. కొండనాలిక దగ్గర చేపముల్లు తగిలితే ఎట్టా గీరుకుంటావో అట్టా అను. మరీ గీరితే ఉమ్మేస్తావేమోనని ఎదుటివాళ్ళు పక్కకు జరుగుతారు, కాస్త చూసుకో.

రెండోది కొ. పక్కన ఎన్ ఉండాది గదా అని ముక్కులోకి పోనీయొద్దు. ఆ ఎన్‌లు రెండూ కలిసి తర్వాతి ముక్కకు పోతాయి. మూడోది నె. నవ్వినట్టు నే అని సాగదీయకుండా నోరు కొంచెం వదులు చేసి నె అని ఆపేయి. చివర ఎస్ ఉండాది గదా అని నువ్వు నెస్ అంటావు, నాకు తెలుసు. ఆ ఎస్ పెళ్ళికొచ్చిన దూరపు చుట్టం, కూర్చుంటుంది గానీ మాట్లాడదు.

వీటికి ముందు చిన్న మాట ఒకటి ఉంటుంది, నేను అని దాని అర్థం. అది జడలో జ కాదు, జనంలో జ కాదు. ష అంటూ గొంతు మోగించు, అదే వస్తుంది. ఆ మాటకు వేలు పైకెత్తు, ఆ తర్వాత రె, కొ, నె అని బల్ల మీద మూడు దెబ్బలు కొట్టు. నాకు నేర్పిన మనిషి పొయ్యి గట్టు మీద అట్టాగే కొట్టి నేర్పింది.

అర్థం తర్వాత చెప్తాను, ముందు నోరు తిరగనీ. మునెయ్య పేరు పుస్తకంలో ఎందుకు ఎక్కలేదని అడిగినావు. నువ్వు కడుపులో ఉండగానే గాలివానలో తెప్ప తిరగబడి పోయినాడని నీకు చెప్పిందే గదా. ఆ రోజుల్లో గుమాస్తాలు లేని మనిషి పేరు రాయడానికి బద్ధకించి ఉంటారు.

ఇట్లు,
నీ మామయ్య
మస్తానయ్య


కోట,
8-1-1963.

చిరంజీవి కరుణాకుమారికి,

దీవెనలు. వాన వెలిసింది, పెంకులు కప్పించినాను. ఇక్కడి సంగతులు ఇంతే గనక నేరుగా నీ సంగతికే వస్తాను.

నువ్వు గదిలో సాధన చేస్తుంటే నీతో ఉండే నర్సమ్మ పడిశం పట్టిందా అని అమృతాంజనం తెచ్చి ఇచ్చిందని రాసినావు. ఇక్కడా అదే బాగోతం. నీకు రాసేముందు నేను పలికి చూసుకోవాలి గదా అని పొయ్యి దగ్గర నిలబడి రె, కొ, నె అంటుంటే, టిఫినుకొచ్చిన పోస్టుమాస్టరు రమణయ్య గారు గొంతులో గడ్డేమన్నా లేచిందా మస్తానయ్యా, నెల్లూరు పోయి చూపించుకోరాదా అని అడిగినారు. గడ్డే అని చెప్పినాను. పాపం, ఆయన దోశ సగంలో ఆపి నన్ను అయ్యో అన్నట్టు చూసినారు.

ఇప్పుడు రె కుదిరింది, కొ ముక్కులోకి పోతోంది అని నువ్వే పట్టుకున్నావు. మెచ్చుకున్నా. పలికేటప్పుడు ముక్కు రెండు వేళ్ళతో మూసుకో. ముక్కు మూసినా గొంతు మారకపోతే సరిగ్గా పలికినట్టు. గునగునమంటే మళ్ళీ మొదలుపెట్టు.

ఇంకో సంగతి రాసినావు, అది చదివి నాకు చెమట పట్టింది. జ్ఞానప్రకాశం గారు ఎవరిని తీసుకొస్తావమ్మా అని అడిగినారనీ, ఎవరూ ఎందుకండీ నేనే చెప్తాను, నేర్చుకుంటుండా అని నువ్వన్నావనీ, ఆయన, మీ పెద్దవాళ్ళకు రాయమ్మా అని కాయితం మళ్ళీ నీ చేతిలోనే పెట్టినారనీ. ఆయన మర్యాద తెలిసిన మనిషి. ఆయన మీద నువ్వు కోపం తెచ్చుకోవాల్సింది లేదు.

నాకు ఈ మాట నేర్పింది ఎవరని అడిగినావు. మీ అమ్మ. ఆమె ఆ ఇంట్లో దొరసాని బిడ్డలను చూసుకునే ఆయాగా చేరింది, నేను వంటవాడిని. ఇద్దరమూ ఈ ఒడ్డు మనుషులమే గనక వంటింట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళం. కామమ్మకు అక్షరం ముక్క రాదు, చెవి మాత్రం అంత చురుకు. దొరసాని ఒకసారి అంటే చాలు, అచ్చం దొరసాని అన్నట్టే అనేది. ఈ మాట ఆమె నోట్లో ఎంత నున్నగా దొర్లేదో నేను రాసి చూపించలేను. నాకు రాకపోతే నా మణికట్టు పట్టుకుని, నా వేలితోనే పొయ్యి గట్టు మీద కొట్టించేది. నీకు నాలుగేళ్ళప్పుడు విషజ్వరంతో పోయింది. నీకు ఆమె ముఖం గుర్తులేదని ఒకసారి ఏడ్చినావు. నీ గొంతు ఆమెదే, అంతవరకు నిజం.

ఆయాకు ఈ మాటతో ఏం పని అని నువ్వు అడుగుతావు. అడుగు. అర్థం ఏందని ఇప్పటికి మూడుసార్లు అడిగినావు, నేను మూడుసార్లూ తప్పించుకున్నాను. పెద్దవాళ్ళు తప్పించుకుంటుండారంటే కారణం ఉంటుందని గమ్మున ఉండే పిల్లవు కాదు నువ్వు, మీ అత్త పెంపకం. ఇంకొక్క ఉత్తరం ఓపిక పట్టు అమ్మణ్ణీ. మేరీలో ఆఫీసరును కలిసే రోజు 28వ తేదీ సోమవారం పదిగంటలకు అని రాసినావు. ఆలోగా నీకు అన్నీ తెలుస్తాయి.

ఇట్లు,
మామయ్య
మస్తానయ్య


కోట,
19-1-1963.

చిరంజీవి కరుణాకుమారికి,

మస్తానయ్య దీవించి రాస్తున్నది. ఒంట్లో బాగుండాది. నేను 26న గూడూరులో రైలెక్కి మద్రాసు మీదుగా 27 సాయంత్రానికి పుదుచ్చేరి చేరతాను. మీ హాస్టలుకు రాను. సత్రంలో దిగుతాను. సోమవారం పదిగంటలకు మేరీ ముందు మెట్ల దగ్గర ఉంటాను.

నువ్వు నీ తెల్ల చీరలోనే రా, డ్యూటీ బట్టలకు ఆ ఆఫీసుల్లో గౌరవం. బడి సర్టిఫికెట్, మేరీ నకలు రెండూ తెచ్చుకో. వేయించిన నెత్తళ్ళు డబ్బాలో పోసి తెస్తుండాను, మీ నర్సమ్మకూ పెట్టు, అమృతాంజనం బాకీ తీరుతుంది.

నీ పలుకు సంగతి ఇంక నేను చెప్పేదేమీ లేదు. మూడు ముక్కలూ కుదిరినాయని రాసినావు, నమ్ముతున్నా.

హోటలు ఆ నాలుగురోజులు మూసేస్తాను. ఎట్టాగూ జనం రావడం తగ్గింది. ఎందుకో కింద రాస్తాను.

ఇట్లు,
మస్తానయ్య

తా.క. మామయ్య అని సంతకం పెట్టలేదని చూసే ఉంటావు.

ఆ మాట నువ్వు చెప్పేది కాదు. తండ్రి చెప్పేది. ఈ బిడ్డ నా బిడ్డేనని ఒప్పుకుంటుండాను అని దాని అర్థం. పెళ్ళి కాని తల్లిదండ్రుల బిడ్డకు ఆ పుస్తకంలో తండ్రి చోట గీత గీస్తారు. ఎన్నేళ్ళకైనా సరే, ఆ మనిషి వచ్చి ఆఫీసరు ముందు ఆ మాట చెప్పి సంతకం పెడితే గీత పక్కన పేరు ఎక్కుతుంది. జ్ఞానప్రకాశం గారు ఎవరిని తీసుకొస్తావని అడిగింది అందుకే. చెప్పాల్సినవాడిని నేను.

మునెయ్య కామమ్మ పెనిమిటే, అబద్ధం కాదు. అతను పోయిన తర్వాతనే ఆమె పుదుచ్చేరి వచ్చింది. నేను అప్పటికి పెళ్ళి కానివాడిని. మనువాడతానని చెప్పినాను. ఇక్కడ మా అమ్మ నాకు రాఘవమ్మను చేసుకుంటామని వాళ్ళకు మాట ఇచ్చేసి ఉండాది, మొగుడు పోయిన ఆడమనిషిని తెస్తే బావిలో దూకుతానని కబురు పంపింది. నేను ఇద్దరికీ సరే అన్నాను. నీ బతుకులో అంత పిరికివాణ్ణి ఇంకొకణ్ణి చూడవు.

నువ్వు పుట్టిన మూడోరోజు మంత్రసానితో కలిసి మేరీకి పోయినాను. ఆ మాట చెప్పడానికే పోయినాను. పొద్దుటిదాకా కామమ్మ మంచంలోనుంచే నాచేత పలికిస్తుండాది, మంచంకోడు మీద వేలితో కొడుతుండాది. తీరా గుమాస్తా నువ్వెవరని అడిగితే, నేను ఆ ఇంటి వంటవాణ్ణండీ, తోడు వచ్చినాను అన్నాను. ఆయన గీత గీసేసినాడు. తిరిగొచ్చి కామమ్మతో, తొందరలోనే మళ్ళీ పోయి చెప్తాను అన్నాను. నాలుగు నెలలకు ఇక్కడికి వచ్చి రాఘవమ్మ మెడలో తాళి కట్టి, ఆమెను మా అమ్మ దగ్గర వదిలి మళ్ళీ పుదుచ్చేరి పోయినాను. అప్పుడు కూడా చెప్తాను అనే అన్నాను. కొన్నాళ్ళకు కామమ్మ అడగడం మానేసింది. నాతో తెలుగు మాట్లాడడం కూడా మానేసింది.

ఆమె పోయినాక నిన్ను ఎత్తుకుని కోటకు వచ్చి, మునెయ్య బిడ్డ, అతను పోయిన గాలివానకు కడుపులో ఉండాది, దిక్కులేదు అని రాఘవమ్మకు చెప్పినాను. ఆమె నిన్ను అందుకుని నీళ్ళు పోసింది. నేను గట్టెక్కినాననుకున్నా.

పోయిన మాఘంలో నెల్లూరు ఆసుపత్రిలో, నువ్వు మందులు తేవడానికి బయటికి పోయినప్పుడు, రాఘవమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. మునెయ్య పోయిన గాలివానలోనే మా నాయన తెప్ప కూడా పోయింది, ఆ రాత్రి మా గుడిసెలన్నీ పోయినాయి, మా పాళెంలో బిడ్డల వయసులన్నీ ఆ గాలివాన నుంచే లెక్కపెడతారు అని చెప్పింది. ఆ లెక్కన కరుణ పుట్టింది మునెయ్య పోయిన మూడో ఏట అని చెప్పింది. వచ్చిన రోజే తెలుసు, ఆ బిడ్డ నీలాగా ఎడమకాలు ముందు వేసి గడప దాటింది అని చెప్పింది. మరి అడగలేదేమే అంటే, అడిగితే నువ్వు ఇంకో అబద్ధం చెప్తావు, బిడ్డ ఎటూ నా దగ్గరే గదా అనింది. నేను పోయినాక అయినా చెప్పు అనింది. సముద్రం ఒడ్డున పుట్టిన ఆడమనిషికి గాలివాన గురించి అబద్ధం చెప్పినాను చూడు, పన్నెండేళ్ళ వయసుకే వంటింట్లో పడి ఆ లెక్కలన్నీ మరిచిపోయినవాడు చేసే పని అది.

ఆమె చెప్పమని పోయి పదకొండు నెలలు. నీ ఉత్తరం రాకపోతే ఇంకో పదకొండేళ్ళు ఊరుకునేవాడిని. సిగ్గుగా ఉండాది, ఉన్నదున్నట్టు రాస్తుండా.

నిన్న బడికి పోయినాను. హెడ్మాస్టరు గారి ముందు ఇదంతా చెప్పి, రాసిచ్చి, తండ్రి పేరు దిద్దడానికి కాయితం తీసుకున్నాను. ఆ గదిలో ఇద్దరు మాస్టర్లు ఉన్నారు గనక సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఈ పొద్దు హోటలుకు పదిమంది కూడా రాలేదు. రమణయ్య గారు మాత్రం వచ్చి, తిని, పోయేటప్పుడు గొంతులో గడ్డ కరిగిందా అని అడిగినారు.

సోమవారం నువ్వు వచ్చినా రాకపోయినా నేను లోపలికి పోయి చెప్తాను. నీ కాయితాలు రెండూ కలుస్తాయి, నీ ఉద్యోగానికి ఢోకా లేదు. నన్ను ఏమని పిలుస్తావో, అసలు పిలుస్తావో లేదో, అది నీ ఇష్టం. తిట్టాలనుకుంటే తిట్టు, మెట్ల మీద పదిమందిలో తిట్టినా నిలబడి వింటాను.

నెల రోజులుగా నీకు నేర్పుతుండానని అనుకున్నావు. నేర్చుకుంటున్నది నేను. ఇరవై ఒక్క ఏళ్ళుగా నోట్లోనే ఉన్న మాట, ఇప్పటికీ రె దగ్గర గొంతు పట్టేస్తుంది. నువ్వు వస్తే నా పక్కన నిలబడు. నేను తప్పు పలికితే ఊరుకోవద్దు, ఆఫీసరు ముందయినా సరే, బల్ల మీద మూడు దెబ్బలు కొట్టు. మీ అమ్మ కొట్టినట్టు కొట్టు, మళ్ళీ మొదటినుంచి చెప్తాను.